తాత పేరు ఏ గడిలో రాయాలి?

ఏటా జూన్ వచ్చిందంటే మా ఆఫీసు గది ముందు కొందరు నిలబడి ఉంటారు. వాళ్లు పిల్లల్ని బడిలో వేయడానికి వచ్చినవాళ్లు కారు. ఎప్పుడో ఇక్కడ చదివి వెళ్లినవాళ్ల కొడుకులు, మనవళ్లు. "సార్, మా తాత ఈ బడిలనే రెండో తరగతి దాకా చదివిండట. పోరికి ఇంజినీరింగుల సీటు వచ్చింది. వాలిడిటీ కావాలంటున్నరు. తాత పేరు దొరుకుతదా?" అని అడుగుతారు. "కూసో తమ్మీ" అని బీరువా తెరుస్తాం. అట్టలూడిన జనరల్ రిజిస్టర్లు ఒక్కొక్కటీ దించి, పేజీ పేజీ తిప్పుతాం. ఒక్కోసారి పూట గడిచిపోతుంది.

కుల ధ్రువీకరణ ఎంత పనో మహారాష్ట్రలోని తెలుగు కుటుంబాలకు మేము చెప్పనక్కరలేదు. వెనుకబడిన తరగతుల వారైతే 1967 అక్టోబరు 13కు ముందటి కాగితం, విముక్త, సంచార జాతుల వారైతే 1961 నవంబరు 21కు ముందటి కాగితం వెతుక్కోవాలి. భూమి లేని ఇంట్లో అంత పాత కాగితం ఎక్కడుంటుంది? చాలాసార్లు బడి రిజిస్టరులోని ఆ ఒక్క వరుసే దిక్కు.

ఉప్పర్వాహి ప్రాంతంలో దీనికి ఇంకో చిక్కు తోడైంది. మరాఠా సిమెంట్ వర్క్స్ ఉన్న ఊరుగా ఈ పేరు చాలామందికి తెలుసు. కానీ మన కోర్పనా తాలూకా ఒకప్పుడు రాజురా తాలూకాలో భాగం. రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో నాందేడ్ జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు మారింది. ఆ చాందాయే నేటి చంద్రపూర్. అంటే ఇల్లు కదలకుండా ఒకే మనిషి మూడు జిల్లాల వాడయ్యాడు. తాత కాగితం మీద ఆదిలాబాద్ అని ఉంటే "మీరు తెలంగాణ నుంచి వచ్చినవాళ్లా?" అని మనవడిని అడుగుతారు.

ఈ వెతుకులాట తప్పుతుందని రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించాలనుకున్నాం. మొదట ఎక్సెల్‌తోనే మొదలుపెట్టాం, అందరిలాగే. రెండు సెలవుల్లో కూర్చుని చాలా వరకు ఎక్కించాం కూడా. తర్వాత ఒకరోజు పేర్లు అక్షర క్రమంలో కావాలని పేర్ల కాలమ్ ఒక్కదాన్నే ఎంచి సార్ట్ కొట్టాం. పేర్లు కదిలాయి, పుట్టిన తేదీలు కదల్లేదు. సేవ్ చేసి ఇంటికి వెళ్లాం. ఒక దాఖలా రాస్తుండగా ఆరో తరగతి పిల్లకు పక్క ఊరి పిల్లవాడి పుట్టిన తేదీ కనిపించేదాకా ఈ సంగతి మాకే తెలియలేదు. తప్పు పూర్తిగా మాదే. అసలు రిజిస్టరు బీరువాలో ఉంది కాబట్టి బతికిపోయాం.

రిలేషనల్ డేటాబేస్ అన్న మాట అప్పుడే మాకు అవసరమైంది. ఈ పద్ధతిని 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ ఒక పరిశోధన పత్రంలో ప్రతిపాదించారు. లెక్కల మాస్టర్లకు సులువుగా ఎక్కుతుంది. ఎందుకంటే దాని పునాది సమితులూ సంబంధాలే. ఇందులో ఒక వరుస అంటే ఒక నిజం. వరుసలోంచి పేరును మాత్రం లాగి వేరేచోట పెట్టలేం. ఏ క్రమంలో చూపించమన్నా వరుస మొత్తంగానే కదులుతుంది. ప్రతి వరుసకూ మళ్లీ రాని ఒక గుర్తు ఉంటుంది, దాన్ని ప్రైమరీ కీ అంటారు. మనకు అది ముందే ఉంది, జనరల్ రిజిస్టర్ నంబరు. ఒకే నంబరు ఇద్దరికి ఇస్తే డేటాబేస్ ఒప్పుకోదు. ఎక్సెల్ అయితే మారు మాట్లాడకుండా తీసుకుంటుంది.

దాఖలా ఇవ్వడాన్నే తీసుకోండి. ఇందులో రెండు పనులున్నాయి. విద్యార్థి బడి వదిలినట్టు రాయాలి, దాఖలా పుస్తకంలో నంబరు వేయాలి. మొదటిది అయ్యాక కరెంటు పోతే? ట్రాన్సాక్షన్ అనే ఏర్పాటు ఇందుకే ఉంది. రెండూ కలిపి ఒకే పనిగా అప్పగిస్తే రెండూ జరుగుతాయి, లేదా ఏదీ జరగదు. మా దగ్గర కరెంటు ఎలా వస్తుందో, ఎలా పోతుందో తెలిసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పాలా?

ఒక బిడ్డ, నాలుగు పేర్లు

ఇక మనలాంటి బడులకు అసలు సమస్య పేరు. ఇక్కడి ఆన్‌లైన్ ఫారాల్లో పేరుకు మూడు గడులు కనిపిస్తాయి: సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. మరాఠీ ఇళ్లలో పేరు పలికే వరుసే అది. మన ఇళ్లలో ఇంటిపేరు ముందొస్తుంది, తండ్రి పేరు చాలాసార్లు పేరులో ఉండనే ఉండదు. దాంతో ఒక్క పిల్ల పేరే రిజిస్టరులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, మార్కుల పత్రంలో మరోలా పడుతుంది. లక్ష్మిని ఇంగ్లిషులో ఒకరు కె, ఎస్, హెచ్‌లతో, ఇంకొకరు ఎక్స్‌తో రాస్తారు. ఏది సరైనదని తగవు పడి ఒకదాన్ని ఉంచి మిగతావి చెరిపేయడం మేము చేసిన రెండో పొరపాటు. వాలిడిటీకి వెళ్లినప్పుడు పనికొచ్చేది సరిచేసిన పేరు కాదు, ఆనాడు రాసిన పేరే.

పరిష్కారం టేబుళ్ల అమరికలోనే దొరికింది. విద్యార్థి టేబుల్‌లో పేరు పెట్టడం మానేశాం. పేర్ల కోసం వేరే టేబుల్ పెట్టి, ఒక్కో రూపానికి ఒక్కో వరుస ఇచ్చాం. ఏ లిపి, ఏ కాగితం మీద ఉంది, ఎప్పటిది అన్నవి అందులో ఉంటాయి. ప్రతి వరుసా జనరల్ రిజిస్టర్ నంబరుతో అసలు విద్యార్థికి ముడిపడి ఉంటుంది, దీన్నే ఫారిన్ కీ అంటారు. ఊరికీ ఇలాగే చేశాం. ఊరు ఒక టేబుల్, ఆ ఊరు ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా ఏ జిల్లాలో ఉందన్నది మరో టేబుల్. ఇప్పుడు తాత కాగితం మీది ఆదిలాబాద్, మనవడి కాగితం మీది చంద్రపూర్ ఒకే ఊరి కిందికి వస్తాయి. రాసింది రాసినట్టే ఉంటుంది. సవరణ జరిగితే పాతది చెరపం. ఏ ఉత్తర్వుతో, ఏ తేదీన, ఎవరు మార్చారో కొత్త వరుస రాస్తాం.

తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్త కావాలి. డీటీపీ సెంటర్ల పాత ఫాంట్లలో కొట్టించినవి తెరమీద తెలుగులాగే కనిపిస్తాయి, లోపల మాత్రం అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు. యూనికోడ్‌లో లేనిది వెతికితే దొరకదు. మైఎస్‌క్యూఎల్‌లో 8.0 కంటే పాత వెర్షన్ వేసుకుంటే, మనం మార్చకపోతే అది పడమటి యూరప్ అక్షరాలకే సిద్ధంగా ఉంటుంది. మా తొలి ప్రయత్నంలో ఒక తరగతి తరగతే ప్రశ్నార్థకాలుగా మారింది, మళ్లీ కొట్టుకోవాల్సి వచ్చింది. టేబుళ్లు చేయకముందే యూటీఎఫ్8ఎంబీ4 అన్న ఎంపిక చూసుకోండి. ఇంకో చిన్న సంగతి. రాజ్‌కుమార్ అని రాసేటప్పుడు జ్ తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పడుతుంది. ఒకరు అది వేసి, ఇంకొకరు వేయకుండా కొడితే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. కాబట్టి వెతకడానికి ఆ గుర్తు తీసేసిన రూపాన్ని పక్కన ఇంకో కాలమ్‌లో ఉంచుతున్నాం.

ఎంత పెద్దది కావాలి?

చిన్నదే చాలు. ఒక బడి యాభై ఏళ్ల రిజిస్టర్లు కలిపినా కొన్ని వేల వరుసలే. ఒక్క కంప్యూటర్ మీద ఒక్కరే పనిచేస్తే ఎస్‌క్యూలైట్ చాలు. అది ఇప్పటికే మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉంది. మొత్తం డేటా ఒకే ఫైలు. ఆఫీసులో ఒకరు, తరగతి గదిలో ఒకరు ఒకేసారి రాయాలంటే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ గానీ మరియాడీబీ గానీ మంచిది. నాలుగైదు బడులు కలిసి పెట్టుకున్నా పాత ల్యాప్‌టాప్ తట్టుకుంటుంది. వెతకడం నెమ్మదిస్తే కొత్త యంత్రం కొనకముందు ఇండెక్స్ వేయండి. పుస్తకం చివర అకారాది పట్టిక చేసే పనే అది. ఎంత పెరిగినా ఇవే పనిముట్లు పనికొస్తాయనడానికి తెలుగు వికీపీడియా ఉంది. వికీపీడియా 2013లో మైఎస్‌క్యూఎల్ నుంచి మరియాడీబీకి మారింది. అక్కడ రాతలు ఒక ప్రధాన సర్వరుకు వెళ్తాయి, చదివేవాళ్లకు దాని నకళ్లు జవాబిస్తాయి.

వీటన్నిటికీ లైసెన్సు రుసుము లేదు. లైసెన్సు గడువు తీరి రిజిస్టరు తెరుచుకోకపోవడమన్నది ఉండదు. మాకు బాగా నచ్చిన ఉదాహరణ న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా గ్రంథాలయ ట్రస్టు. 2000 సంవత్సరం వస్తే తమ పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోతుందన్న భయంతో వాళ్లు కొత్తది రాయించుకున్నారు, ఆ జనవరిలోనే వాడుకలోకి తెచ్చారు, అందరికీ ఇచ్చేశారు. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక అని అర్థం. మైఎస్‌క్యూఎల్ మీద నడిచే ఆ కోహా నేడు మన దేశంలోనూ ఎన్నో గ్రంథాలయాల్లో ఉంది. చిన్న ఊరి వాళ్లు తమ అవసరానికి చేసుకున్నదే అంత దూరం వచ్చింది.

ప్రోగ్రామింగ్ రాకపోతే ఎలా అని మా అమ్మాయిల బడి టీచరమ్మ ఒకరు అడిగారు. లిబ్రెఆఫీస్ బేస్‌లో ఫారం గీసుకుని ఈ డేటాబేస్‌లకు కలపొచ్చు. గడుల్లో నింపితే చాలు. ప్రశ్నలు అడగడానికి ఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలి. సెలెక్ట్, ఫ్రమ్, వేర్ అన్న మూడు మాటలతో మా పని ముప్పావు వంతు నడుస్తోంది.

తల్లిదండ్రులు మమ్మల్ని గట్టిగా అడగాల్సింది మాత్రం వేరే ఉంది. మా బిడ్డ వివరాలు ఎవరు చూస్తారు? ఆధార్ నంబర్లు మేము ఇందులో పెట్టలేదు. చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న ఖాతా ఒకటి, మార్చగల ఖాతా ఒకటి వేరువేరుగా చేశాం. ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు తెరవలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ముఖ్యం. కాబట్టి అడిగే హక్కు మీకుంది. ప్రతి శనివారం బ్యాకప్ తీసి రెండు పెన్ డ్రైవ్‌లలో పెడతాం. ఒకటి బడిలో, ఒకటి బయట. నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి, ఏవో పది పేర్లు కాగితం రిజిస్టరుతో పోల్చి చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్‌ను మేము నమ్మం. ముద్ర వేసి ఇచ్చే ఉతారా ఇప్పటికీ కాగితం రిజిస్టరు నుంచే రాస్తాం. డేటాబేస్ మాకు ఏ పుస్తకం, ఏ పేజీ అన్నది చెబుతుంది, అంతే.

ఈ జూన్‌లో అలా పేజీ దొరికిన ఒక తాత పేరు పక్కన ఇంకో చిక్కు వచ్చిపడింది. కుటుంబం దగ్గరున్న నిజాం కాలపు కాగితం ఉర్దూలో ఉంది. మా పేర్ల టేబుల్‌లో లిపి అన్న కాలమ్‌కు అప్పటిదాకా మూడు విలువలే ఉండేవి: తెలుగు, దేవనాగరి, రోమన్. నాలుగోది చేర్చాం. పేరు గడిలో ప్రస్తుతానికి ఏమీ రాయలేదు, కాగితం ఫొటో ఎక్కడుందో మాత్రం రాశాం. గడ్‌చాందూర్‌లో పాత ఉర్దూ దస్తూరీ చదవగల పెద్దాయన ఒకరున్నారట. వచ్చే ఆదివారం కాగితం పట్టుకుని వెళ్తున్నాం.