వెన్న శాతానికి సరాసరి కట్టడంలో మెలకువ

మన సంఘాలలో పాల పుస్తకం ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరులోకి ఎక్కింది. యంత్రంతో పాలు పరీక్షించి అప్పటికప్పుడే చీటీ ఇచ్చే సంఘాలు ఉన్నవి. చేతితో రిజిస్టరు వ్రాసి, రాత్రి ఇంటికి వెళ్ళి ఎక్సెల్ పట్టికలో ఎక్కించుకొనే కార్యదర్శులూ ఉన్నారు. పద్ధతి ఏదైనా పక్షం చివర యూనియన్‌కు, పాలకవర్గానికి, తనిఖీకి వచ్చే మాబోటివారికి చూపవలసిన కాగితం ఒకటే. ఏ సభ్యుడు ఎంత పోశాడు, ఏ పూట ఎంత వచ్చింది, సంఘం మొత్తం మీద సరాసరి వెన్న ఎంత అన్నది అందులో ఉండాలి. ఈ చివరి అంకె దగ్గరే నేను చూసిన పట్టికలలో ఎక్కువ తప్పులు దొర్లుతున్నవి. తప్పు యంత్రానిది కాదు. అడిగిన దానికి అది సరిగానే జవాబు చెబుతున్నది. మనమే ఒకటి అడగబోయి మరొకటి అడుగుతున్నాము.

ఒక రోజు లెక్క తీసుకుందాము. ఉదయం 320 కిలోల పాలు వచ్చినవి, వెన్న 6.4 శాతం. సాయంత్రం 180 కిలోలు, వెన్న 7.6 శాతం. ఆ రోజు సరాసరి వెన్న ఎంత? రెండు శాతాలను కూడి రెండుతో భాగిస్తే సరిగ్గా 7.0 వస్తుంది. ఇప్పుడు వెన్నను కిలోలలోకి మార్చి చూడండి. ఉదయం 20.48 కిలోలు, సాయంత్రం 13.68 కిలోలు, మొత్తం 34.16 కిలోలు. ఇది 500 కిలోల పాలలో ఉన్న వెన్న. అంటే 6.83 శాతమే గాని 7 కాదు.

తేడా చిన్నదే కదా అనిపించవచ్చును. 500 కిలోల మీద అది రోజుకు 840 గ్రాముల వెన్న. పక్షానికి 12 కిలోల 600 గ్రాములు. కిలో వెన్న ధర 800 రూపాయలని లెక్క కోసం వేసుకుంటే 10,080 రూపాయలు. సంఘంలో ఎన్నడూ లేని వెన్న కాగితం మీద పుట్టి, శీతలీకరణ కేంద్రానికి చేరేసరికి మాయమైనట్లు కనిపిస్తుంది.

ఈ తప్పు అటూ ఇటూ పడి సర్దుకొనేది కూడా కాదు. రాత్రి విరామం ఎక్కువ గనుక గేదె ఉదయం ఎక్కువ పాలు ఇస్తుంది, వాటిలో వెన్న శాతం తక్కువ. పగటి విరామం తక్కువ గనుక సాయంత్రం పాలు తక్కువ, శాతం ఎక్కువ. పాలు తక్కువ ఉన్న పూటకు, ఎక్కువ ఉన్న పూటకు సమానంగా విలువ కట్టితే సరాసరి ప్రతిరోజూ ఒకే వైపు, అంటే పైకే, జరుగుతుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘంలో ఈ తప్పు నేనే చేశాను. యూనియన్ ట్రక్కు షీటులో వచ్చిన వెన్న వరుసగా మూడు పక్షాలు సంఘం సరాసరి కంటె తక్కువగా ఉన్నదని ఫిర్యాదు. నేను కార్యదర్శి వద్ద పట్టిక తీసుకొని పూటలవారీగా సరాసరి కట్టించి చూశాను. తేడా నిజమే అనిపించింది. పాలు పరీక్షించే ఆమె సంజాయిషీ కోరవలసినదిగా చిత్తు నివేదికలో వ్రాశాను. ఆమె ఇంటివారికి టీ దుకాణం ఉండడంచేత ఊరిలో మాట ఇట్టే అల్లుకున్నది. విచారణ పూర్తి కాకముందే పాలకవర్గం ఆమెను పరీక్ష బల్ల దగ్గరకు రావద్దన్నది.

ఆమె వాదులాడలేదు. పాత బైండు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది. అందులో శాతం పక్కన ప్రతి పూటకూ వెన్న కిలోలు విడిగా వేసి ఉన్నవి. "మీరు శాతాలు కూడుతున్నారండీ, నేను వెన్న కూడాను" అన్నది. మూడు పక్షాలూ మళ్ళీ వేశాము. స్థానికంగా అమ్మిన పాలను తీసివేసిన తరువాత మిగిలిన తేడా పక్షానికి కిలో కూడా లేదు. నివేదిక మార్చి వ్రాశాను, ఆమె పనిలోకి వచ్చింది. మధ్యలో పోయిన ఎనిమిది రోజుల జీతం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. అది ఇప్పించే అధికారం నా నివేదికకు లేకపోయింది.

ఇక పట్టిక సంగతి. కంప్యూటరు పట్టికను చేతి రిజిస్టరులాగా గీయడం మొదటి చిక్కు. సభ్యునికి ఒక పేజీ, పైన అడ్డంగా పదిహేను తేదీలు, మధ్యమధ్య వారం మొత్తాలు. కంటికి ముచ్చటగానే ఉంటుంది గాని యంత్రం దానిని వర్గాలుగా విడదీయలేదు. ఒక సభ్యుడు ఒక పూట పోసిన పాలకు ఒక అడ్డు వరుస ఉండాలి. నిలువు వరుసలు ఆరు చాలును: తేదీ, పూట, సభ్యుని నంబరు, పాల తూకం కిలోలలో, వెన్న శాతం, వెన్న కిలోలు. ఆరవదానిలో తూకాన్ని శాతంతో హెచ్చించి 100తో భాగించే ఫార్ములా వేయాలి. పాలను లీటర్లలో కొలిచే సంఘాలు ముందుగా 1.03తో హెచ్చించి కిలోలు చేసుకోవలెను. మధ్యలో ఖాళీ వరుసలు, మొత్తాలు వేయవద్దు. గడులను కలపవద్దు.

ఇట్లా ఉన్న పట్టిక మీద పివట్ టేబుల్ పెడితే వర్గీకరణ క్షణంలో పని. వరుసలలో సభ్యుని నంబరు, పైన పూట, విలువల చోట తూకం మొత్తం, వెన్న కిలోల మొత్తం పెట్టండి. వెన్న మొత్తాన్ని తూకం మొత్తంతో భాగించి 100తో హెచ్చిస్తే సభ్యునికైనా, పూటకైనా, సంఘానికైనా సరి అయిన శాతం వస్తుంది. ఈ భాగహారాన్ని పివట్ లోపలే చేయించాలంటే కాలిక్యులేటెడ్ ఫీల్డ్ అనే సదుపాయం ఉన్నది. అది మొత్తాలను ముందు కట్టి తరువాతనే భాగిస్తుంది గనుక మన పనికి సరిపోతుంది.

చాలామంది కాలు జారేది వెన్న శాతాన్నే విలువల చోటికి లాగినప్పుడు. యంత్రం ముందుగా శాతాలను కూడి పెడుతుంది. ఒక సభ్యుని ముప్పై పూటలకు 210 శాతం అని వస్తుంది. అది తప్పని చిన్న పిల్లవాడికైనా తెలుస్తుంది. వెంటనే దానిని సరాసరిగా మారుస్తాము, 7 శాతం వస్తుంది. అదీ తప్పే, కాని చూపుకు ఒప్పులాగా ఉంటుంది గనుక ఎవరూ అడగరు.

సభ్యులవారీగా కట్టిన శాతాలను మళ్ళీ కూడి, సభ్యుల సంఖ్యతో భాగించి సంఘం సరాసరి అనడం ఇదే తప్పుకు పెద్ద రూపం. ఒకరు రెండు కిలోలు 9 శాతంతోను, మరొకరు పద్నాలుగు కిలోలు 6 శాతంతోను పోస్తే సరాసరి 7.5 కాదు, 6.4 కంటె కొంచెం తక్కువ. ఎస్.ఎన్.ఎఫ్. శాతానికీ ఇదే పద్ధతి.

వర్గాలు సరిగా పడాలంటే సభ్యులను పేరుతో కాక నంబరుతోనే గుర్తించాలి. పేరు చివర కనిపించని ఖాళీ ఒకటి పడితే ఒకే మనిషి ఇద్దరు సభ్యులవుతారు. నంబరులోనూ 12 అని ఒకచోట అంకెగా, 012 అని మరొకచోట అక్షరాలుగా ఉంటే పివట్ రెండు వరుసలు చూపుతుంది. అంకెలాగా కనిపించే అక్షరాల బెడద తూకం వరుసలో వస్తే మరీ ప్రమాదం. మొత్తం కట్టే ఫార్ములా దానిని వదిలివేస్తుంది, హెచ్చవేత ఫార్ములా మాత్రం అంకెగానే తీసుకుంటుంది. అప్పుడు వెన్న లెక్కకు వచ్చి పాలు రాకుండా పోయి, శాతం పెరిగి కనిపిస్తుంది. మనం ఏమీ సర్దకపోతే అంకెలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు నిలబడతాయి. వరుసను ఒకసారి పైనుంచి కిందికి చూస్తే ఎడమకు తప్పుకున్నవి దొరికిపోతాయి. అందుకే నేను శాతం చూడకముందే పివట్‌లోని తూకం మొత్తాన్ని రిజిస్టరు మొత్తంతో సరిచూస్తాను.

ఖాళీ గడికి, సున్నకు తేడా కూడా తెలిసి ఉండాలి. సరాసరి కట్టే ఫార్ములా ఖాళీని వదిలి, సున్నను లెక్కలోకి తీసుకుంటుంది. మన వెన్న కిలోల వరుసకు మాత్రం రెండూ ఒకటే, రెండింటికీ సున్నే వేస్తుంది. కరెంటు పోయి పరీక్ష జరగని పూట పాలు తూచుకొని శాతం గడి ఖాళీగా వదిలితే ఆ పాలలో వెన్నే లేనట్లు అవుతుంది. ఆ పూట సభ్యునికి ఏ శాతం మీద డబ్బు కట్టి ఇచ్చారో ఆ శాతమే అక్కడ వ్రాయాలి. తూకం ఉండి శాతం లేని వరుసలను ఫిల్టరుతో ఏరి చూడడం ఐదు నిమిషాల పని.

పాత పట్టికలో దిద్దుబాటు చేస్తే పివట్ దానంతట అది మారకపోవచ్చు, రిఫ్రెష్ నొక్కాలి. సర్వసభ్య సమావేశంలో దిద్దని కాగితం చదివి, పుస్తకంలో దిద్దిన అంకె ఉండగా మాటపడిన కార్యదర్శులు నాకు తెలుసు.

మామూలు సరాసరి పనికిరాదని నేను అనడం లేదు. ఒకే నమూనాను యంత్రంలో మూడుసార్లు పరీక్షిస్తే ఆ మూడు అంకెలకు అదే తగినది. రోజుకు ఎన్ని కిలోలు అన్నప్పుడూ అదే కట్టాలి. కాని ఎన్ని రోజులతో భాగించాలి? పక్షంలో పది రోజులే, రోజుకు ఐదేసి కిలోలు పోసిన సభ్యునికి పోసిన రోజుల ప్రకారం సరాసరి 5 కిలోలు, పక్షం రోజుల ప్రకారం 3.33 కిలోలు. దాణా కేటాయింపు సరాసరి మీద చేసే సంఘాలలో ఈ రెండింటి మధ్యనే తగవు వస్తున్నది. వట్టిపోయిన గేదె ఉన్న పేద సభ్యురాలికి ఒక లెక్క మేలు, ఏడాది పొడుగునా పోసే సభ్యునికి మరొకటి మేలు. ఏది పాటించాలో ఎక్సెల్ చెప్పదు, కార్యదర్శి ఒక్కడూ తేల్చరాదు. బైలాలలో ఏమున్నదో ముందు చూసి, అందులో లేకపోతే పాలకవర్గం తీర్మానం చేసి, ఏ రోజులతో భాగించిందీ పట్టిక పైన ఒక వాక్యంలో వ్రాసి ఉంచండి. తనిఖీలో నేను ముందు చదివేది ఆ వాక్యాన్నే.