క్రైస్తవ గీతములందు స్వతంత్రతయు సౌందర్యమును

స్వతంత్ర రచన యనగా మునుపెవ్వరును వినని రూపమును కల్పించుట యని కొందఱు తలంతురు. మఱికొందఱు ఇంగ్లీషు పాటను ఆ వరుసలోనే తెనిగించిన చాలునందురు. ఈ రెండవ మార్గమునందలి చిక్కును ముందుగా చూతము.

తెలుగు ఛందస్సునకు గురులఘువులు ఆధారము. ఇంగ్లీషు పద్యమునకు అక్షరమును ఒత్తి పలుకుట ఆధారము. ఇంగ్లీషు పంక్తి తఱచుగా ఒత్తి పలికెడి అక్షరముతో ముగియును గావున అచ్చట స్వరము సాగును. మన మాటలో, తఱచుగా హ్రస్వముతో ముగియును. ఆ వరుసలో "దేవుడు" అను మాటను దింపినచో "దే" కుఱుచయై "డు" సాగును. ఇది చెవికి మాత్రమే బాధ కాదు. "పడు" వేఱు, "పాడు" వేఱు. "కలము" వేఱు, "కాలము" వేఱు. ఆరాధనలో కూర్చున్న చదువురాని అవ్వకు పుస్తకము సాయపడదు గదా! ఆమె విన్నదే ఆమెకు వాక్యము.

పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) పల్లవి, చరణములు, రాగతాళములు గల కీర్తనలను రచించిరి. ఆ రూపము వారు కల్పించినది కాదు. వారికి మూడువందల యేండ్లకు పూర్వమే తాళ్లపాక అన్నమాచార్యులు అట్లు పాడిరి. త్యాగరాజస్వామి (1767–1847) చౌదరిగారి కాలమువారే. అయినను చౌదరిగారి కీర్తనను అనుకరణ మనుట చెల్లదు. పాత్ర పాతదే, అందలి రసము వారి స్వానుభవము. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" తెఱచినచో పాట తలపై రాగతాళముల పేర్లు కానవచ్చును. మన బాలురు ఆ పంక్తిని చూడకయే దాటిపోవుదురు!

గుఱ్ఱము జాషువగారును క్రీస్తుచరిత్రను తెలుగు పద్యములలోనే చెప్పిరి. ఆ కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.

పాశ్చాత్యపు వరుసలను త్రోసివేయవలెనని నా తాత్పర్యము కాదు. నాలుగు కంఠములు వేర్వేఱు స్వరములతో ఏకముగా పలుకుటయందలి గాంభీర్యము వానికే చెల్లును.

ఇక సౌందర్యము. విద్యార్థులు వ్రాయు క్రిస్మసు పాటలలో "దివ్య", "పరమ", "మహిమ" అను మాటలు తఱచుగా ఖాళీలు నింపుటకే వచ్చుచున్నవి. పశువుల పాక ఎట్లుండునో మన పల్లెబిడ్డలకు ఒకరు చెప్పవలెనా? ఎండుగడ్డి వాసన, తెల్లవారుజాము చలి, ఆవు వెచ్చని యూపిరి. ఇవి పాటలోనికి ఏల రావు?

ఈ యేడు పాట వ్రాయువారు చేతితో తాళము వేయుచు బిగ్గరగా పాడి చూడవలెను. దీర్ఘము కుఱుచయైనచోట తాళమును సాగదీయక మాటను మార్చవలెను. పిమ్మట ఇంటిలో చదువెఱుగని పెద్దలకు వినిపించి, ఏమి తెలిసినదో అడుగవలెను.