పాప విమానమెక్కే ముందు – విదేశీ దత్తతకు చట్టం చూపిన దారి

విదేశీ దంపతులు మన దేశపు పసిపాపను గుండెలకు హత్తుకొని విమానాశ్రయంలో కనబడినప్పుడు చూపరుల మనస్సులో రెండు తలపులు మెదులుతాయి. పాప పెట్టి పుట్టిందని కొందరు, పేదరికానికి తాళలేక ఎవరో బిడ్డను అమ్ముకొన్నారని మరికొందరు అనుకొంటారు. చట్టప్రకారం జరిగిన దత్తత అదృష్టమూ కాదు, బేరమూ కాదు. దీర్ఘమైన పరిశీలనకు ఆ ప్రయాణం చివరి మెట్టు మాత్రమే.

దత్తత మన సమాజానికి కొత్త కాదు. వంశం నిలవాలని, ఆస్తికి వారసుడు కావాలని తోబుట్టువుల బిడ్డను తెచ్చుకోవడం తరతరాల ఆచారం. అందులో పెంచుకొనేవారి అవసరమే ప్రధానం. నేటి చట్టం బిడ్డ అవసరం నుండి ఆలోచిస్తుంది. ఇల్లు లేని బిడ్డకు తగిన ఇంటిని వెదకడమే దాని ఉద్దేశం.

నిబంధనలు ఎందుకు వచ్చాయి?

మన పిల్లలను విదేశాలకు పంపే తీరుపై ఒక న్యాయవాది వ్రాసిన లేఖను సుప్రీంకోర్టు వ్యాజ్యంగా స్వీకరించి, 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో తొలి మార్గదర్శకాలను విధించింది. 1993లో హేగ్ నగరంలో వివిధ దేశాలు పిల్లల అమ్మకాన్ని అరికట్టేందుకు ఒక ఒడంబడిక కుదుర్చుకొన్నాయి. భారతదేశం 2003లో దానిని ఆమోదించింది.

ఈ జాగ్రత్తల అవసరం తెలుగునేలకు బాగా తెలుసు. 1999లోను, 2001లోను హైదరాబాదులో బయటపడిన ఉదంతాలలో లంబాడీ తండాల ఆడశిశువులను దళారులు స్వల్ప మొత్తాలకు కొని దత్తత సంస్థలకు చేర్చినట్లు వెల్లడైంది. సేలంలో 1992లో తమిళనాడు ప్రభుత్వం ఊయల పథకాన్ని ఆరంభించి, 2001లో ధర్మపురి తదితర జిల్లాలకు విస్తరింపజేసింది. ఆడశిశువును చంపకుండా, అమ్మకుండా, ప్రభుత్వపు ఊయలలో విడిచివెళ్ళేందుకు ఆ పథకం వీలు కల్పించింది.

దారి ఎట్లా సాగుతుంది?

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, బిడ్డ దత్తతకు అర్హమైనదని ముందుగా జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ప్రకటించాలి. దొరికిన బిడ్డ విషయంలో కన్నవారికోసం వెదకిన తరువాతనే ఆ ప్రకటన వెలువడుతుంది. కన్నవారే అప్పగించదలచితే సమితి ఎదుటనే పత్రంపై సంతకం చేయాలి. మనసు మార్చుకొని బిడ్డను తిరిగి తీసుకొనేందుకు వారికి రెండు నెలల గడువు ఉంటుంది. వారి వివరాలను గోప్యంగా ఉంచుతారు.

అర్హత ప్రకటించిన 60 దినాలలోగా స్వదేశంలోని కుటుంబమో, ప్రవాస భారతీయ కుటుంబమో లభించకపోతేనే ఆ బిడ్డను విదేశీయులకు ఇచ్చే అవకాశం ఏర్పడుతుంది. విదేశీ దంపతులు తమ దేశంలో గుర్తింపు పొందిన సంస్థ ద్వారానే దరఖాస్తు చేయాలి. వారి ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం, నడవడి పరిశీలించి ఆ సంస్థ నివేదిక పంపుతుంది. ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ 'కారా' నిరాక్షేపణ పత్రం ఇవ్వాలి. 2022 సెప్టెంబరు నుండి దత్తత ఉత్తర్వును న్యాయస్థానానికి బదులు జిల్లా మేజిస్ట్రేటు జారీ చేస్తున్నారు. పాస్‌పోర్టు, వీసా చేతికి వచ్చాక దంపతులు స్వయంగా వచ్చి బిడ్డను అందుకోవాలి. పరుల చేత పంపించుకోవడానికి వీలు లేదు. ఆ తరువాత కూడా రెండేళ్ళపాటు బిడ్డ బాగోగులపై నివేదికలు రావలసిందే.

సరిహద్దు కుటుంబాలు గమనించవలసినది

ఇల్లు ఒక రాష్ట్రంలో, కాన్పు జరిగే ఆసుపత్రి మరొక రాష్ట్రంలో ఉండే గ్రామాలలో, భాష తెలియని చోట సంతకం పెట్టవలసి రావడం సాధారణం. బిడ్డ విషయంలో ఆ అలవాటు ప్రమాదకరం. హోసూరైనా, బళ్ళారియైనా, యానామైనా చట్టం ఒక్కటే. సమితి ఎదుట గాక ఆసుపత్రిలోనో, దళారి ఇంటిలోనో వ్రాసుకొన్న కాగితంతో పరాయివారికి బిడ్డను ఇవ్వడం చట్టబద్ధమైన అప్పగింత కాదు. బిడ్డను కొన్నా, అమ్మినా ఐదేళ్ళవరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. ఆసుపత్రి సిబ్బందే అందుకు పాల్పడితే శిక్ష మూడేళ్ళకు తగ్గదు, ఏడేళ్ళవరకు పోవచ్చు.

విదేశంలో స్థిరపడిన తమ్ముడు అన్నబిడ్డను పెంచుకోదలచినా, ఊరి పెద్దల సమక్షంలో వ్రాసిన దత్తపత్రం ఒక్కటే చాలదు. దేశం దాటించాలంటే కారా అనుమతి తప్పనిసరి. అందుకు జిల్లా బాలల పరిరక్షణ కార్యాలయాన్ని సంప్రదించాలి. ఆపదలో ఉన్న బిడ్డ ఎవరి కంట పడినా 1098కు ఫోను చేయవచ్చు.

కాగితమే బిడ్డకు ఆనవాలు

దత్తతకు వెళ్ళిన బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండాక తన పుట్టుపూర్వోత్తరాలను గూర్చి విచారించుకొనే హక్కు ఉంది. కన్నవారు సమ్మతించనిదే వారి పేర్లు బయటపెట్టరు. కాని బిడ్డ ఏ జిల్లాలో, ఏ పరిస్థితిలో సంస్థకు చేరిందో చెప్పగల దస్త్రమైనా ఉంటుంది. దళారి చేతులు మారిన బిడ్డకు ఆ పాటి ఆధారం కూడా మిగలదు. తప్పుడు పేరు, తప్పుడు ఊరు వ్రాసిన కాగితాన్ని పట్టుకొని ఇరవై ఏళ్ళ తరువాత ఆమె తల్లిని వెదకుతూ వస్తే, ఏ ఊరివారు మాత్రం ఏమని జవాబు చెప్పగలరు?