పంటకాపు తుపాకి

ఏటేట కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు పలనాటి సీమలోని కారెంపూడిలో వీరారాధనము జరుగును. పండ్రెండవ శతాబ్దమున సవతి అన్నదమ్ముల నడుమ రాజ్యము కొఱకు రేగిన కలహము ఈ నేల మీదనే యుద్ధమై ముగిసెను. ఆనాటి వీరులకు గుర్తుగా నిలిచిన ఆయుధములను ‘కొణతము’లను పేర ఊరూరినుండి ఆచారవంతులు మోసికొని వత్తురు, నాగులేటి నీట స్నానము చేయించి పూజింతురు. చూడవచ్చిన పిల్లవాడెవడైన ‘ఈ ఆయుధము దేనికి?’ అని అడిగినచో పెద్దలు కథ చెప్పుదురు. కథ విన్న పిదప కూడ ఆ ప్రశ్న నిలిచియే యుండును. కోడిపోరుతో రగిలి బంధువుల వినాశముతో చల్లారిన ఆ కలహమున ఆయుధములు ఎందఱిని కాపాడినవి? ఎందఱిని బలిగొన్నవి?

అదే సీమలో, పొలముగట్టున, ఆ ప్రశ్నకు మఱియొక రూపము కలదు. పడమట నల్లమల అడవి. దాని అంచున మాచర్ల, దోర్నాల, ఎఱ్ఱగొండపాలెము ప్రాంతముల పొలములు. తూర్పునకు వచ్చిన కొలది నల్లరేగడి మైదానము. ఒకవైపు తెల్లని ప్రత్తి, ఒకవైపు ఎఱ్ఱని మిరప, నడుమ మొక్కజొన్న, వేరుసెనగ. చీకటి పడగానే అడవి పందులు గుంపుగా దిగును. ఒక్క రాత్రిలో మోరతో నేల పెల్లగించి, తిన్నదానికంటె తొక్కినది ఎక్కువ చేసి, తెల్లవారకముందే అడవి చేరును. అప్పు తెచ్చి విత్తినవానికి ఆ రాత్రి ఒక సంవత్సరముతో సమానము. అందుచేత రైతు మంచె కట్టును, డప్పు కొట్టును, ఒడిసెల త్రిప్పును, మంట వేయును. ఇవి చాలనినాడు తుపాకి మాట వచ్చును.

తుపాకి అనగానే యువకుల మనస్సు దూరముగా కొట్టునది, వేగముగా కాల్చునది కోరును. కాని కాపుకొఱకు తుపాకి నెన్నుకొనువాడు బలమునుండి మొదలుపెట్టరాదు, అవసరమునుండి మొదలుపెట్టవలెను. ఏమి కాపాడవలెను? ఎంత దూరములో? ఆ దూరమునకు ఆవల ఎవరున్నారు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరికినచో తుపాకిలోని ప్రతి అంగము తనంతట తానే నిర్ణయమగును. మన దేశపు చట్టము కూడ ఇంచుమించుగా ఈ వరుసలోనే ఆలోచించినది.

చట్టము నడచిన దారి

లార్డు లిట్టను రాజప్రతినిధిగా నున్న కాలమున, 1878 లో, ఆయుధ చట్టము వచ్చెను. లైసెన్సు లేక భారతీయుడు ఆయుధము కలిగియుండరాదు. ఐరోపావారికి మాత్రము మినహాయింపు. అడవి అంచున కాపురముండు రైతునకు పంది భయము తగ్గలేదు, సర్కారు భయము తోడైనది. ఆ భయమెట్టిదో పలనాడు 1922 లో చూచినది. పశువులను అడవిలో మేపుకొనుటకు పుల్లరి కట్టబోమని రైతులు ఎదురుతిరిగిరి. వారి నాయకుడు మించాలపాడు వాసి కన్నెగంటి హనుమంతు పోలీసుల గుండ్లకు నేలకొరిగెను. తుపాకి ఒక్క ప్రక్కనే యుండిన కాలమది.

ఈ అవమానమును జాతీయోద్యమము మరువలేదు. 1931 లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానములో, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కు ప్రతి పౌరునకు ఉండవలెనని చేర్చిరి. స్వాతంత్ర్యానంతరము 1959 లో పార్లమెంటు క్రొత్త ఆయుధ చట్టము చేసెను. అది 1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చెను. జాతిభేదము పోయినది, లైసెన్సు నిలిచినది.

ఆ చట్టపు 13 వ విభాగములో పంటకాపు రైతు కనబడును. ఆత్మరక్షణకు గాని వేటకు గాని, ఇరువది అంగుళములకు తక్కువకాని నున్నని గొట్టముగల తుపాకికి లైసెన్సు ఈయవచ్చును. నిజమైన పంట రక్షణకైనచో, మూతినుండి మందు కూరు తుపాకి. అది చాలదని అధికారికి తోచినయెడల, నున్నని గొట్టముగల వేఱొక తుపాకి. సైన్యము వాడిన .303 వంటి తుపాకులు సామాన్య పౌరునకు నిషిద్ధములు. ఈ కొద్ది మాటలలో గొట్టము లోపలి తీరు, దాని పొడవు, మందు కూరు పద్ధతి మూడును నిర్ణయమైనవి. ఒక్కొక్కదానిని విడదీసి చూచినచో చట్టమునకు వెనుకనున్న తర్కము తేటపడును.

గొట్టము

తుపాకికి ప్రాణము గొట్టము. దాని లోపలి గోడ నున్నగా నుండవచ్చును. లేదా మెలిదిరిగిన గాడులు కలిగియుండవచ్చును. గాడుల వెంట పోవు గుండు బొంగరమువలె తిరుగుచు వెడలును. తిరుగు బొంగరము నిటారుగా నిలిచినట్లే, తిరుగు గుండు తన దారి తప్పదు. రైఫిలు అను పేరునకు ఆ గాడులే కారణము. 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి అట్టిది. 1857 తిరుగుబాటునకు నిప్పుకణికయైన తోటాలు దానివే. తరువాత వచ్చిన లీ ఎన్‌ఫీల్డు .303 పది తోటాలు ఇముడ్చుకొని, మైలు దూరము దాటియు ప్రాణము తీయగల గుండును విసరెను. మన పోలీసులు ఇరువదవ శతాబ్దమున చాలకాలము దానినే మోసిరి.

నున్నని గొట్టము కథ వేఱు. అది ఒక్క గుండునకు బదులు గుప్పెడు రవ్వలను విరజిమ్మును. దగ్గఱలో బలము, దూరము పోయినకొలది రవ్వలు చెదరి వేగము కోల్పోవును. చిన్న రవ్వలు రెండు మూడు వందల గజములలో నేలరాలును. పండ్రెండు బోరు తుపాకి అనగా, ఆ గొట్టములో సరిగా పట్టు సీసపు గుండ్లు పండ్రెండు చేరినచో ఒక పౌను తూగునని అర్థము. సంఖ్య పెరిగిన కొలది గొట్టము సన్నమగుట విద్యార్థులకు వింతగా తోచును గాని, లెక్క తెలిసినచో వింత లేదు.

ఇక గుంటూరు, ప్రకాశము మైదానమును తలచుకొనవలెను. గుండు నడ్డగించుటకు ఇచ్చట గుట్టలు అరుదు. ప్రత్తి చేలో నడుము వంచి తీయుచున్న కూలీల తలలు ఆమడ దూరమునుండి కనబడవు. మిరప కల్లములో ఎండు కాయలకు కాపుగా రాత్రి మనుషులు పండుకొనియుందురు. ఒక పందికై వదలిన రైఫిలు గుండు గురి తప్పినచో పైపొలము దాటి, ఆ పైపొలము దాటి, ఎవరి గుండెలో ఆగునో కాల్చినవానికి తెలియదు. నున్నని గొట్టము తన యజమాని పొలము వఱకే ఎక్కువగా పోవును. బలహీనతగా కనబడునదే ఇచ్చట గుణము.

పొడవు విషయమున కూడ అంతే. పొడుగు గొట్టము మందు చక్కగా కాలుటకు అవకాశమిచ్చును, గురి చూచుటకు వీలగును. అంతకంటె ముఖ్యముగా, పొట్టి గొట్టము పంచెచాటున దాగును, పొడుగుది దాగదు. పంట కాచువానికి తుపాకి దాచవలసిన పని లేదు.

గుఱ్ఱము, మీట, మందు

రెండవ అంగము నిప్పు ముట్టించు యంత్రము. పూర్వము జామగి తుపాకి యుండెను. వెలుగుచున్న త్రాడు రంజకమునకు తగిలి మందు అంటుకొనును. వర్షము వచ్చినచో ఆ తుపాకి కఱ్ఱతో సమానము. ప్రత్తి కుప్ప ప్రక్కన ఆ నిప్పు పందికంటె పెద్ద శత్రువు. తరువాత చకుముకి వచ్చెను. దానికి గాలి, తేమ ఇంకను అడ్డే. అలెగ్జాండరు ఫోర్సైతు అను స్కాట్లండు మతాచార్యుడు, చకుముకి మెఱుపు చూచి పక్షులు ముందే ఎగిరిపోవుచున్నవని విసిగి, దెబ్బకు మండు రసాయనముతో మందు ముట్టించు ఉపాయము కనిపెట్టి 1807 లో పేటెంటు పొందెను. గుఱ్ఱము పడి చిన్న టోపిని కొట్టగానే తుపాకి ప్రేలును. నోటి మందు తుపాకులకు నేటికిని ఆ టోపియే ఆధారము.

నోటినుండి మందు కూరుట ఆలస్యపు పని. మందు పోయవలెను, గుడ్డ దట్టించవలెను, రవ్వలు వేయవలెను, మరల దట్టించవలెను, టోపి పెట్టవలెను. ఒక దెబ్బకు రెండవ దెబ్బకు నడుమ నిమిషము సులభముగా గడచును. యుద్ధమున ఇది లోపము. కోపమున ఇదే వరము. గట్టు తగవులో ఆవేశపడినవాడు మొదటి దెబ్బ తరువాత మరల కూరుకొనులోపల నలుగురు పెద్దలు వచ్చి చేయి పట్టుకొనుటకు వ్యవధి యుండును. పంది మాత్రము మొదటి చప్పుడునకే పరుగెత్తును.

మడమ, పరీక్ష

మూడవ అంగము కఱ్ఱ. మడమ భుజమునకు ఆనించి చేయి చాచినప్పుడు వ్రేలు మీటకు అందవలెను. పొడవైనచో చంక పట్టును, పొట్టిదైనచో దెబ్బ చెంపకు తగులును. పెండ్లికొడుకు చెప్పులు కొన్నట్లు తుపాకి కొనరాదని, కాళ్లు చూచి చెప్పులు కొన్నట్లు కొనవలెనని చెప్పవచ్చును. చెక్కడములు, వెండిపువ్వులు గురికి తోడ్పడవు.

అన్నిటికంటె కొనువాడు అడుగవలసినది పరీక్షాముద్ర. మామూలుకంటె ఎక్కువ మందు పెట్టి ప్రభుత్వ పరీక్షాలయములో కాల్చి, గొట్టము నిలిచినచో ముద్ర వేయుదురు. ఇంగ్లాండులోని బర్మింగుహాములో 1813 లోనే ఇట్టి పరీక్షాలయము చట్టరీత్యా ఏర్పడెను. ముద్రలేని నాటు తుపాకి చట్టమునకు విరుద్ధమగుటయే కాదు. అది ముందుగా పగులుట తన యజమాని ముఖము ముందరనే. నీటిగొట్టమునకు, తుపాకి గొట్టమునకు భేదము కంటికి కనబడదు, ప్రేలినప్పుడే తెలియును.

తోటా

నాలుగవ అంగము తుపాకిలో నుండదు, అంగడిలో నుండును. దీనిని తెలుగువారికి మన్యము చక్కగా నేర్పినది. 1922 ఆగస్టు నెలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా మూడు దినములు దాడిచేసి ఇరువదియాఱు తుపాకులు పట్టెను. ఆయన తుపాకులతో తృప్తిపడలేదు. తోటాలను కూడ లెక్కించి తీసికొనెను. వాడిన తోటా మరల పుట్టదు. దొరకని తోటాకు పనికివచ్చు తుపాకి గోడకు అలంకారము మాత్రమే. పంటకాపువాడు సయితము లైసెన్సులో వ్రాసిన పరిమితిలో, లైసెన్సుదారు అంగడిలో దొరకు సామగ్రినిబట్టియే తుపాకి నిర్ణయించుకొనవలెను.

హద్దు

అన్ని అంగములు సరిపడినను, తుపాకికి కనబడని అంగము ఒకటి కలదు, అది హద్దు. తుపాకికి లైసెన్సు యున్నంతమాత్రమున పందిని చంపు అధికారము రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిజంతువును చంపుటకు వేఱుగా అటవీ అధికారుల అనుమతి కావలెను. తన ప్రాణమునకు ముప్పు వచ్చి, సద్బుద్ధితో కాచుకొన్నది మాత్రము నేరము కాదు. మనిషి విషయమున చట్టము మఱింత జాగరూకత చూపినది. ఆత్మరక్షణ హక్కు తన దేహమునకు, ఆస్తికి కూడ వర్తించును. కాని రక్షణకు కావలసినదానికి మించి హాని చేయరాదు. పూర్వపు శిక్షాస్మృతిలోని ఈ సూత్రమును 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడ నిలుపుకొన్నది. ఇరువది అంగుళముల గొట్టమును ఇనుముతో చేయవచ్చును. ‘కావలసినంత’ అను కొలతను మనిషి తనలో చేసికొనవలెను.

పలనాటి పల్లెలకు ఈ కొలత క్రొత్తది కాదు. ఎన్నికలు ప్రకటింపబడగానే అధికారుల ఉత్తరువున లైసెన్సు తుపాకులు పోలీసు ఠాణాకు చేరును. ఇంటి గోడన కొయ్య మేకు ఖాళీగా నుండును. ఓట్లు పడి లెక్కలు తేలువఱకు పందులు ఆగవు, పంటయు ఆగదు. అప్పుడు రైతు మరల మంచె ఎక్కును. క్రింద మంట, ప్రక్కన డప్పు, చేతిలో ఒడిసెల. తుపాకి రాకముందు తాతలు కాచినది ఇట్లే. ఠాణానుండి తుపాకి తిరిగి వచ్చినప్పుడు అతడు గొట్టము తుడిచి, టోపి తీసి, వేఱుగా దాచి, పిల్లలకు అందని ఎత్తున మేకునకు తగిలించును. కారెంపూడి కొణతమువలె అదియు చాలవఱకు గోడననే యుండుట ఆ యింటికి క్షేమము.