పట్టీరంపం - పరిరక్షణ

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలలు పత్తికి, మిరపకు పేరుపొందాయి. ఆ పంటల వెనుక రైతు శ్రమతోపాటు వడ్రంగి శ్రమ కూడా ఉంది. నాగలి, గొర్రు, కాడి, బండిచక్రం ఒకప్పుడు పొలంగట్లమీది నల్లతుమ్మ కర్రతో ఊరి వడ్రంగి చేతిలో రూపుదిద్దుకున్నవే. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని తగ్గింది. అయినా తలుపులు, ద్వారబంధాలు, మంచాలు తయారుచేసే పనిశాలలు నేటికీ ఉన్నాయి. పూర్వం ఇద్దరు మనుషులు గంటల తరబడి లాగిన కోతరంపం పనిని అక్కడ పట్టీరంపం నిమిషాలలో పూర్తిచేస్తుంది. దీనినే బ్యాండ్‌సా అంటారు.

దీని నిర్మాణం సరళమైనది. ఒకదానిపై ఒకటిగా రెండు చక్రాలుంటాయి. కింది చక్రాన్ని మోటారు తిప్పుతుంది. పై చక్రాన్ని ఎత్తి, దించి పట్టీ బిగువును సవరిస్తారు. కొసలు రెండూ అతికిన ఉక్కుపట్టీ ఈ చక్రాల చుట్టూ తిరుగుతుంది. పట్టీ పళ్ళను కుడిఎడమలకు కొద్దిగా వంచుతారు. అందువల్ల కోత పట్టీ మందంకంటే వెడల్పుగా ఏర్పడి, పట్టీ కర్రలో ఇరుక్కోదు. పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభంలోనే ఇంగ్లండులో విలియం న్యూబెర్రీ ఈ యంత్రానికి పేటెంటు పొందాడు. కాని పట్టీ అతుకు నిలిచేది కాదు. 1846లో ఫ్రాన్సు దేశీయురాలు ఆన్ పోలిన్ క్రెపిన్ అతుకు విధానానికి పేటెంటు తీసుకున్న తరువాతనే దీని వాడకానికి మార్గం ఏర్పడింది.

ఇంత ఉపయోగకరమైన యంత్రం దుర్వినియోగంవల్ల త్వరగా చెడిపోతుంది. మొద్దుబారిన పళ్ళతో కర్రను బలవంతంగా నెట్టినా, వెడల్పు పట్టీతో ఇరుకు వంపులు కోసినా పట్టీ వేడెక్కి మెలిపడుతుంది. పచ్చికర్ర కోసినప్పుడు బంక పళ్ళకు పట్టి, పొట్టుతో కలిసి గట్టిపడుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది కర్రలో దాగిన ఇనుము. గట్టుమీది తుమ్మచెట్టుకు కంచెతీగ కడతారు. చెట్టు లావెక్కేకొద్దీ ఆ తీగ కర్రలో కలిసిపోయి పైకి కనబడదు. పాత దూలాలలోని మేకులూ అటువంటివే. రంపం వాటిని తాకిన క్షణంలో పళ్ళు విరుగుతాయి. కంటికి ఆనని పగులు కూడా ఏర్పడవచ్చు.

అటువంటి యంత్రాన్ని పైపైన తుడిచి మళ్ళీ నడపరాదు. ముందుగా మోటారు ఆపి, ప్లగ్గు తీసివేయాలి. పై చక్రాన్ని దించి బిగువు సడలించి, తోలు చేతితొడుగులు ధరించి పట్టీని వెలికి తీయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకొని చక్రాలపై, మూతలలో పేరుకున్న పొట్టును కుంచెతో దులపాలి. పట్టీపై బంకను కిరసనాయిలులో తడిపిన గుడ్డతో మెత్తబరచి తుడవాలి. ఆ గుడ్డలను నిప్పుకు దూరంగా ఉంచాలి. చిన్న యంత్రాల చక్రాలకు రబ్బరు తొడుగు ఉంటుంది. కిరసనాయిలు రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి దానిని సబ్బునీటి గుడ్డతోనే తుడవాలి.

తుడిచేటప్పుడే పరీక్ష కూడా జరగాలి. పళ్ళ మధ్య పల్లాలలోను, అతుకువద్ద పగుళ్ళున్నాయేమో వెలుతురులో చూడాలి. పగిలిన పట్టీని తిరిగి వాడరాదు. పళ్ళు మొద్దుబారితే ఆకురాయితో పదును పెట్టించాలి. తిరిగి అమర్చేటప్పుడు పళ్ళ కొనలు బల్లవైపు కిందికి చూడాలి. బిగువు సరిచేసి, చక్రాన్ని చేతితో తిప్పి, పట్టీ పక్కకు జరగడంలేదని నిర్ధారించుకున్న తరువాతనే మోటారు వేయాలి. సాయంత్రం పని ముగిశాక బిగువు సడలిస్తే పట్టీ ఎక్కువకాలం మన్నుతుంది.

పనిశాలలో ఒకే రంపాన్ని పలువురు వాడతారు. మేకు తగిలించినవాడు మందలింపుకు భయపడి, మాట్లాడకుండా వెళ్ళిపోవడం తరచుగా జరిగేదే. మరునాడు అదే పట్టీ తెగితే గాయపడేది మరొకరి చేయి. వడ్రంగికి చేతివేళ్ళే జీవనాధారం. దసరానాడు పనిముట్లకు పసుపు, కుంకుమ అలంకరించి పూజించడం మన ఆచారం. మిగిలిన రోజులలో వాటిని శుభ్రంగా ఉంచడం, జరిగిన పొరపాటును తరువాతివానికి దాచకుండా చెప్పడం ఆ పూజకు కొనసాగింపు.