రహీం సాబ్ నిజంగా వ్యూహ మేధావేనా? పొగడ్తలు కాసేపు పక్కన పెట్టి చూద్దాం

2024 ఏప్రిల్‌లో 'మైదాన్' సినిమా విడుదలయ్యాక మన ఇళ్లలో ఒక పేరు మళ్లీ వినపడింది. సయ్యద్ అబ్దుల్ రహీం. మన హైదరాబాదీ. వృత్తిరీత్యా బడి టీచర్. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకాలు తెచ్చిన కోచ్. ఆయన తర్వాత ఇన్నేళ్లలో మళ్లీ ఆ బంగారం మనకు రాలేదు.

సినిమా చూసొచ్చిన చాలా ఇళ్లలో ఒకటే వాదన. దాదా వయసు వాళ్లు అంటారు: "బ్రెజిల్ వాళ్ల కంటే ముందే 4-2-4 ఆడించిన మనిషి బేటా, అలాంటి దిమాగ్ మళ్లీ పుట్టలేదు." ఫోన్‌లో గార్డియోలా మ్యాచ్‌లు చూసే మనవడు ఊరుకుంటాడా? "హెల్సింకీలో 10-1 తేడాతో ఓడింది కూడా ఆయన జట్టే కదా దాదా! ఆ రోజుల్లో ఆసియాలో ఫుట్‌బాల్ ఎక్కడుంది?" అంటాడు.

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. సినిమా భావోద్వేగం చూపిస్తుంది, లెక్కలు చూపించదు. అందుకే ఆ లెక్కలు ఒకసారి వేసి చూద్దాం.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు

రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, ఆ జట్టుకు ఆడారు. తర్వాత నగరంలోని బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు.

ఆ ఏడాదే ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు పట్టుకొచ్చింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే పేరు. అలాంటి రోజుల్లో జీతానికి పోలీసు ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లతో ఇది సాధించారు.

4-2-4 మాట ఎంతవరకు నిజం?

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. పాతకాలంలో ఎక్కువ జట్లు 2-3-5 పద్ధతిలో ఆడేవి. అంటే వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఏకంగా ఐదుగురు. తర్వాత ఇంగ్లండ్‌లో డబ్ల్యూ-ఎం అనే పద్ధతి వచ్చింది. అందులో వెనక మూడో మనిషి చేరాడు. అవతలి జట్టు సెంటర్ ఫార్వర్డ్‌ను నీడలా అంటిపెట్టుకుని ఉండటమే అతని పని.

దీనికి విరుగుడు హంగేరీ చూపించింది. తన సెంటర్ ఫార్వర్డ్‌ను ముందు నిలబెట్టకుండా కొంచెం వెనక్కి, మధ్యలోకి లాగింది. ఇప్పుడు అతన్ని కాపలా కాసేవాడికి పెద్ద చిక్కు. వెంట వెళ్తే వెనక ఖాళీ ఏర్పడుతుంది. వెళ్లకపోతే బంతి అందుకుని అతనే ఆట నడిపిస్తాడు. 1953 నవంబర్‌లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది ఈ కిటుకుతోనే. హిడెగ్కుటి అనే ఆటగాడు ఆ స్థానంలో ఆడి మూడు గోల్స్ కొట్టాడు.

ఈ ఆలోచనే ముదిరి 4-2-4 అయింది. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. 1958 ప్రపంచ కప్‌ను బ్రెజిల్ దీనితో గెలిచాక లోకమంతా నేర్చుకుంది. కానీ బ్రెజిల్ క్లబ్బుల్లో, హంగేరీ ఆటలో దీని ఆనవాళ్లు అంతకు చాలా ముందే ఉన్నాయి. ఏ ఒక్కరూ ఒక్క రోజులో కనిపెట్టిన పద్ధతి కాదిది.

కాబట్టి "రహీం సాబ్ బ్రెజిల్‌కు నేర్పించారు" అన్నట్టు చెప్పుకోవడం ఎక్కువే. ఆయన చేసింది వేరు. సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగే ఆటను 1950లలోనే మన జట్టుకు అలవాటు చేశారు. టీవీ లేదు, వీడియో లేదు. విదేశీ మ్యాచ్ చూడాలంటే అక్కడికి వెళ్లినప్పుడు చూడాల్సిందే. ఒలింపిక్స్‌కు వెళ్లినప్పుడు కళ్లతో చూసింది, చదివి తెలుసుకున్నది మన పిల్లలకు సరిపడేలా మార్చి నేర్పారు. ఆవిష్కర్త అన్న మాట కంటే లోకం ఎటు పోతోందో త్వరగా పసిగట్టిన ఉస్తాద్ అన్న మాట ఆయనకు సరిగ్గా సరిపోతుంది.

మనవడి ప్రశ్నలకు జవాబు ఉందా?

మొదటిది 10-1. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో ఈ ఓటమి నిజంగా జరిగింది. మన గోల్ ఒక్కటీ అహ్మద్ ఖాన్ కొట్టాడు. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ దెబ్బతో మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. అవతలి జట్టు ఆ ఒలింపిక్స్‌లో వెండి పతకం తీసుకుంది. ఇన్ని కారణాలు చెప్పినా పది గోల్స్ పది గోల్సే. కోచ్‌గా ఆయన ఖాతాలో అది ఉంటుంది.

అయితే నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఏం జరిగిందో కూడా చూడాలి. 1956లో భారత్ ఒలింపిక్స్ సెమీ ఫైనల్‌కు వెళ్లింది. ఆసియా నుంచి ఏ జట్టూ అంతకు ముందు అక్కడిదాకా వెళ్లలేదు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి ముందుగా గోల్ కొట్టింది మనవాళ్లే. చివరికి 4-1తో ఓడిపోయినా, 10-1 నుంచి ఇక్కడికి రావడం చిన్న ప్రయాణం కాదు.

ఇక్కడా మనవడు ఒక మాట అనొచ్చు. మొదటి రౌండ్‌లో హంగేరీ రాకపోవడంతో మనకు ఆడకుండానే గెలుపు దక్కింది. అంటే సెమీస్‌కు చేరడానికి గెలిచింది ఒక్క మ్యాచే. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో ఓడించింది. నిజమే, అదృష్టం కొంత కలిసొచ్చింది. దాన్ని దాచి పెట్టుకోవాల్సిన అవసరం లేదు.

1960 రోమ్ ఒలింపిక్స్ చూస్తే ఇంకో కోణం కనిపిస్తుంది. భారత్ గ్రూపులో చివరి స్థానంలో నిలిచింది. కాగితం మీద వైఫల్యమే. కానీ హంగేరీతో 2-1 తేడాతోనే ఓడింది. ఆ హంగేరీ చివరికి కాంస్యం గెలిచింది. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా అయింది, పీకే బెనర్జీ గోల్‌తో మనవాళ్లే ముందంజలో ఉన్నారు. పెరూతో మాత్రం 3-1తో ఓడారు.

ఇక "ఆసియాలో అప్పుడు ఫుట్‌బాల్ ఎక్కడుంది" అన్న ప్రశ్న. 1951లో అయితే ఈ మాట కొంత ఒప్పుకోవచ్చు. ఆ ఢిల్లీ క్రీడలకు కొరియా రానేలేదు. ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో గెలిచాం, గోల్ మేవాలాల్‌ది. కానీ 1962 సంగతి వేరు. ఫైనల్‌లో ఎదురైన దక్షిణ కొరియా 1956లో, 1960లో మొదటి రెండు ఆసియా కప్‌లూ గెలిచిన జట్టు. ఆసియాలో దానికి మించిన జట్టు లేదు.

జకార్తాలో అసలు పరీక్ష

వ్యూహం తెలిసిన కోచ్ ఎవరో తెలియాలంటే అన్నీ సజావుగా ఉన్న రోజు చూడకూడదు. ప్లాను పాడైపోయిన రోజు చూడాలి. 1962 జకార్తా అలాంటిదే.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచారు గానీ, రక్షణకు గోడలాంటి జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంతో మూలనపడ్డాడు. దీనికి తోడు బయట రాజకీయం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు పిలవకపోవడాన్ని భారత అధికారి జి.డి. సోంధి తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం మన జట్టు మీద మండిపడుతున్నారు.

అప్పుడు రహీం సాబ్ ఒక పని చేశారు. తల మీద కుట్లున్న డిఫెండర్ జర్నైల్‌ను సెమీస్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. వెనక నిలబడితే ప్రతి బంతికీ తలపడాలి, గాయం తిరగబెడితే గోల్ పోతుంది. ముందు నిలబడితే అతని ఒడ్డూ పొడుగూ అవతలి డిఫెండర్లకు తలనొప్పి. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచారు. జర్నైల్ ఒక గోల్, కెప్టెన్ చుని గోస్వామి రెండు.

సెప్టెంబర్ 4న ఫైనల్. దాదాపు లక్ష మంది జనం, మన జట్టు బంతి పట్టుకుంటే చాలు ఈలలు, అరుపులు. తంగరాజ్‌ను మళ్లీ గోల్‌లో నిలబెట్టారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. కొరియా చివర్లో ఒకటి తిరిగి కొట్టింది. 2-1. పది రోజుల కింద ఓడించిన జట్టునే ఓడించారు. ఆ జట్టులో మన హైదరాబాద్-సికింద్రాబాద్ కుర్రాళ్లు యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం కూడా ఉన్నారు.

రహీం సాబ్ అప్పటికే జబ్బుతో ఉన్నారు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే.

అసలు మేధస్సు ఎక్కడుంది?

నన్నడిగితే ఆయన గొప్పతనం 4-2-4 అంకెల్లో కంటే హైదరాబాద్ మైదానాల్లో ఎక్కువ కనిపిస్తుంది. ఆయన పిల్లల కోసం విచిత్రమైన పోటీలు పెట్టించేవారు. ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాళ్లంతా ఎడమకాలితో తిప్పలు పడాల్సిందే.

ఇదంతా ఎందుకు? మన పిల్లలు ఒంటరిగా బంతి తిప్పడంలో దిట్టలు. యూరప్ జట్లు ఒంట్లో బలంతో, వేగంతో గెలిచేవి. వాళ్లతో భుజాలు రాసుకుని ఆడితే మనవాళ్లు నిలవలేరు. బంతి ఒక్క తాకుతో చేతులు మారినంత తేలిగ్గా కాళ్లు మారితే, అవతలివాడు దగ్గరికి వచ్చేలోపే అది వెళ్లిపోతుంది. మన దగ్గర ఏం ఉంది, ఏం లేదు అని ముందు లెక్క చూసుకుని, దానికి తగ్గ ఆట తయారుచేశారు. పిల్లాడికి ఏది రాదో పట్టుకుని దానిమీదే లెక్కలు ఇచ్చే మాస్టారి పద్ధతి ఇది.

ఆయన దగ్గర నేర్చుకున్న పీకే బెనర్జీ తర్వాత దేశంలోనే పేరున్న కోచ్ అయ్యారు. 1970 ఆసియా క్రీడల్లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో కాంస్యం వచ్చింది. అంతకు ముందు 1964 ఆసియా కప్‌లోనూ భారత్ రెండో స్థానంలో నిలిచింది. "చూశారా, ఆయన లేకపోయినా బాగానే ఆడారు, కాబట్టి గొప్పతనం ఆటగాళ్లది" అని ఎవరైనా అనొచ్చు. అదీ సబబే. కానీ ఆ ఆటగాళ్లలో చాలామంది ఆయన కింద పెరిగినవాళ్లే. అలా కొత్తవాళ్లను తయారుచేసే ఏర్పాటు ఆగిపోయాక పతకాలూ ఆగిపోయాయి.

మరి తీర్పు?

లోకానికి కొత్త పద్ధతి కనిపెట్టినవాడే మేధావి అనుకుంటే, రహీం సాబ్‌కు ఆ బిరుదు ఇవ్వడానికి ఆధారాలు చాలవు. ఉన్న మనుషులతో, తక్కువ డబ్బుతో, ఎక్కడెక్కడి నుంచో నేర్చుకున్నదాన్ని తనదిగా మలిచి, ప్లాను చెడిన రోజు దారి వెతికినవాడు మేధావి అయితే, ఆసియాలో ఆ రోజుల్లో ఆయనకు సాటి చెప్పడం కష్టం.

దాదా కొంచెం ఎక్కువ చెబుతున్నారు, మనవడు కొంచెం తక్కువ చూస్తున్నాడు. ఇద్దరూ కలిసి ఒక పని చేస్తే బాగుంటుంది. వచ్చే ఆదివారం వీధిలో పిల్లలను పోగుచేసి, కుడికాలితో బంతి తాకకూడదని షరతు పెట్టండి. పది నిమిషాలు చాలు. రహీం సాబ్ ఏం ఆలోచించారో సినిమా కంటే ఎక్కువ అర్థమవుతుంది.