కొత్త కంప్యూటర్ కొనే ముందు పాతదాని మూత విప్పండి

2025 డిసెంబరులో తెలంగాణ గ్రామ పంచాయతీలకు మూడు విడతల్లో ఎన్నికలు జరిగాయి. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే ఎవరికి ఉంగరమో, ఎవరికి కత్తెరో తేలుతుంది. అప్పటిదాకా ఫ్లెక్సీ వేయించడానికి లేదు, కరపత్రం కొట్టించడానికి లేదు. తేలిన మరుక్షణం అభ్యర్థులందరూ ఒకేసారి డీటీపీ షాపు మీద పడతారు. "అన్నా, పొద్దుగూకేసరికి కావాలె" అనేది అందరి మాటా. బోయినపల్లి లాంటి మండల కేంద్రమైనా, పక్కనున్న వేములవాడ, సిరిసిల్ల అయినా, జగిత్యాల, కోరుట్ల అయినా ఆ సాయంత్రం తీరు ఒక్కటే. సరిగ్గా ఆ సాయంత్రమే పన్నెండేళ్ల పాత కంప్యూటర్ మొరాయిస్తుంది. ఫోటోషాప్ తెల్లబోతుంది, పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడుతుంది, బెంచీ మీద కూర్చున్న అభ్యర్థి అనుచరుడు ఫోన్ తీసి ఇంకో షాపుకు కొడతాడు.

అప్పుడు షాపు యజమానికి వచ్చే మొదటి ఆలోచన కొత్త కంప్యూటర్. అప్పు చేసైనా కొనాలనుకుంటాడు. అక్కడే ఆగమంటాను. ఈ ప్రాంతపు షాపుల్లో జరిగే డిజైన్ పనికి, అంటే పెళ్లిపత్రిక, ఫ్లెక్సీ, కరపత్రం, బిల్లుబుక్కు, స్కూలు ప్రోగ్రెస్ కార్డులకు, 2013 తర్వాతి డెస్క్‌టాప్ చాలావరకు సరిపోతుంది. దానిలో ఏ ఒక్క భాగం వెనకబడిందో కనిపెట్టి దాన్ని మారిస్తే చాలు. కష్టమల్లా ఆ కనిపెట్టడంలోనే ఉంది. చాలామంది కనిపెట్టకుండానే గ్రాఫిక్స్ కార్డు కొంటారు, దానివల్ల ఏమీ మారదు.

కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు. రోజూ సతాయించే పెద్ద ఫైలునే తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట సీపీయూ, మెమొరీ, డిస్క్ వేర్వేరుగా కనిపిస్తాయి. ఫైలు సేవ్ చేసి చూడండి, ఫోటో తిప్పి చూడండి. ఆగిపోయిన ఆ క్షణంలో నూటికి నూరు తాకుతున్నది ఏదో దాని మీదే మీ డబ్బు పెట్టాలి. పాత డబ్బాల్లో నేను చూసినంతవరకు సీపీయూ ముప్పై, నలభై శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది, డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. అక్కడే మెమొరీ పేజీలో ఎన్ని స్లాట్లున్నాయి, ఎన్ని నిండాయి, ర్యామ్ వేగం ఎంత అన్నదీ రాసి ఉంటుంది. ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయినా, కరీంనగర్‌కే పోయినా షాపువాడు ముందు అడిగేది ఆ వివరాలే.

భాగాలు కొనడం కన్నా ముందు చూడాల్సింది ఫైలు లెక్క. దీన్ని ఎవరూ పట్టించుకోరు.

పది అడుగులకు ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ తీసుకుందాం. అంగుళాల్లో 120కి 96. అంగుళానికి 72 చుక్కల చొప్పున పెడితే అడ్డంగా 8,640, నిలువుగా 6,912 పిక్సెళ్లు వస్తాయి. రెండూ గుణిస్తే దాదాపు 6 కోట్లు. ప్రింటింగ్ రంగుల పద్ధతిలో ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు కాబట్టి ఒక్క లేయరే సుమారు 240 ఎంబీ. దాని మీద నాయకుడి ఫోటో, అభ్యర్థి ఫోటో, కింద వరసగా పాతిక మంది అనుచరుల ఫోటోలు. ఇంతవరకు ఫర్వాలేదు. పెళ్లిపత్రికలు చేసి అలవాటైన చెయ్యి ఇక్కడా 300 అని కొడితే మాత్రం అదే ఫ్లెక్సీ 36,000కు 28,800 పిక్సెళ్లవుతుంది. 103 కోట్ల పిక్సెళ్లు. ఒక్క లేయరే 4 జీబీ దాటుతుంది. మామూలు పీఎస్‌డీ ఫైలుగా దాన్ని సేవ్ చేయడమే కుదరదు, ఎందుకంటే ఆ ఫార్మాట్‌లో ఏ వైపూ 30,000 పిక్సెళ్లు మించకూడదు. ఇంత బరువు మోసి లాభమేమిటంటే, ఏమీ లేదు. ఫ్లెక్సీని చౌరస్తాలో నిలబడి దూరం నుంచి చూస్తారు, పెళ్లిపత్రికను జానెడు దూరంలో చేతిలో పట్టుకుని చదువుతారు. ఏ4 సైజు పత్రికలో ఒక్కో లేయర్ 300 చుక్కల దగ్గర కూడా 35 ఎంబీకి మించదు. కంప్యూటర్ పాతదైపోయిందని తిట్టుకునే రోజుల్లో సగం, ఈ ఒక్క అంకె మార్చుకుంటే గడిచిపోయేవే.

సిరిసిల్లలో డిజైన్ అంటే మరొకటి కూడా ఉంది, మగ్గం మీది డిజైన్. జీ20 చిహ్నాన్ని చేత్తో నేసిన సిరిసిల్ల నేత కళాకారుడు హరిప్రసాద్ గురించి 2022 నవంబరు మన్ కీ బాత్‌లో ప్రధాని ప్రస్తావించారు. జకార్డ్ డిజైన్‌ను కంప్యూటర్ మీద గీసేటప్పుడు తెర మీది ఒక్కో గడి ఒక్కో పడుగు నూలు లేచేదీ లేవనిదీ చెబుతుంది. 400 హుక్కుల జకార్డ్ అయితే బొమ్మ వెడల్పు 400 గడులే. 600 పేకపోగుల నిడివి అనుకున్నా రెండున్నర లక్షల గడులు దాటవు. ఫ్లెక్సీ ఆరు కోట్ల ముందు అదెంత? చీర అంచు గీసేవాళ్లకు మార్కెట్‌లోకెల్లా చవకైన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కూడా ఎక్కువే. వాళ్లు డబ్బు పెట్టదలిస్తే మంచి మానిటర్ మీద పెట్టాలి, ప్రాసెసర్ మీద కాదు.

ఇక విడిభాగాలు. ఒక్కదానికే డబ్బుందంటే ఆలోచించక్కర్లేదు, ఎస్ఎస్‌డీ వేయించండి. పాత హార్డ్ డిస్క్ లోపల పళ్లెం తిరుగుతుంది, దాని మీద ఒక ముల్లు అటూ ఇటూ వెతుకుతుంది. సెకనుకు వంద చోట్ల వెతికితే గొప్ప. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, సెకనుకు వేల చోట్ల నుంచి తీసిస్తుంది. వరసగా చదివే వేగం కూడా 100, 150 ఎంబీల నుంచి 500 దాకా పోతుంది. పాత జీ41 మదర్‌బోర్డుల్లో సాటా పోర్టు పాతది కావడం వల్ల అందులో సగమే వస్తుంది. ఆ సగానికే మనిషికి తేడా తెలిసిపోతుంది. విండోస్, ఫోటోషాప్, కోరల్‌డ్రా ఎస్ఎస్‌డీలో పెట్టి, పాత డిస్క్‌ను తీసేయకుండా ఫైళ్లు దాచడానికి వాడుకోండి. ఆ తర్వాత ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్ ఎక్కడుందో తప్పక చూడండి. ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ పని సరుకును అక్కడికి దించుకుంటుంది. ఎస్ఎస్‌డీ వేయించి కూడా స్క్రాచ్‌ను పాత డి డ్రైవ్ మీదే వదిలేసినవాళ్లు, డబ్బు పెట్టినా మార్పు లేదని మెకానిక్ మీద విరుచుకుపడుతుంటారు.

ర్యామ్ రెండోది. దర్జీకి గుడ్డ పరిచే బల్ల ఎంతో డిజైనర్‌కు ర్యామ్ అంత. 4 జీబీతో ఈరోజు పని కాదు, 8తో నెట్టుకు రావచ్చు, 16 ఉంటే ఫ్లెక్సీ పని సాఫీగా సాగుతుంది. హెచ్81 మదర్‌బోర్డులో స్లాట్లు రెండే, పరిమితి 16. ఒకే 8 జీబీ ముక్క కన్నా 4, 4 జత మేలు. విడి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్ తెర బొమ్మకు కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, జతగా ఉంటే అటూ ఇటూ దారి వెడల్పవుతుంది. ఇక్కడ రెండు గోతులున్నాయి. మొదటిది 32 బిట్ విండోస్. పాత పేజ్‌మేకర్, పాత తెలుగు ఫాంట్ల కోసం చాలా షాపుల్లో ఇంకా అదే నడుస్తోంది. దాంట్లో 8 జీబీ వేసినా మూడు, మూడున్నరకు మించి వాడుకోలేదు. ముందు 64 బిట్‌కు మారాలి. రెండోది ఆన్‌లైన్‌లో అగ్గువకు దొరికే 8 జీబీ డీడీఆర్3 ముక్కలు. కొన్నిటి వివరాల్లో అడుగున చిన్న అక్షరాలతో, ఏఎండీ బోర్డులకు మాత్రమే అని ఉంటుంది. ఇంటెల్ బోర్డులో పెడితే తెర నల్లగానే ఉండిపోతుంది. వాపసు తీసుకునే షాపులోనే కొనడం మంచిది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ప్రపంచమంతా మెమొరీ ధరలు ఎగబాకాయి కాబట్టి, అంతకుముందు ఎవరో చెప్పిన రేటు పట్టుకుని బేరమాడితే కుదరదు.

గ్రాఫిక్స్ కార్డు గురించి నా మాట కటువుగానే ఉంటుంది. వీడియో ఎడిటింగ్ లేకపోతే వద్దు. కోరల్‌డ్రాలో గీత గీయడానికి, పేజ్‌మేకర్‌లో అక్షరం కూర్చడానికి దానితో పనిలేదు. ఫోటోషాప్‌లో ఖాళీ జాగాను ఏఐతో నింపే జెనరేటివ్ ఫిల్‌కు మంచి కార్డు కావాలని కొందరు చెబుతారు. ఆ పని జరిగేది అడోబ్ సర్వర్లలో, దానికి కావలసింది ఇంటర్నెట్. అయితే కొత్త ఫోటోషాప్ వెర్షన్లు డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్న గ్రాఫిక్స్ అడుగుతున్నాయి, పాత ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లలోని లోపలి గ్రాఫిక్స్ దానికి చాలవు. కొత్త వెర్షనే వాడాలనుకుంటే అప్పుడు కార్డు తప్పదు. జీటీఎక్స్ 1050 టీఐ లాంటివి 75 వాట్లతో స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటాయి. అంతకు మించితే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) కూడా మార్చాలి. చవక ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసి ఉన్నంత మాత్రాన 450 వస్తాయని నమ్మవద్దు.

పెద్దగా ఖర్చు లేని చికిత్స ఇంకొకటి. సిరిసిల్ల లాంటి మర మగ్గాల ఊళ్లో గాలి నిండా నూలు పొట్టు ఉంటుంది. అది కేబినెట్‌లోకి చేరి ప్రాసెసర్ మీది హీట్ సింక్ రెక్కల మధ్య మెత్తని పొరలా పేరుకుంటుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెల ఎండల్లో మధ్యాహ్నం నత్తనడక నడిచి, రాత్రి బాగా పనిచేసే కంప్యూటర్‌కు ముందు అనుమానించాల్సింది ఇదే. కరెంటు తీసేసి, ఫ్యాన్ విప్పి, బ్రష్‌తో దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పెట్టించండి. పనిలో పనిగా బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ కూడా మార్పించండి. రోజూ తేదీ వెనక్కి పోయి వెబ్‌సైట్లు తెరుచుకోని కంప్యూటర్లకు తరచూ ఆ మూడు వోల్టుల సెల్లే కారణం.

మానిటర్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు, రేపు కంప్యూటర్ మారినా మానిటర్ వెంట వస్తుంది. పాత టీఎన్ ప్యానెల్ ముందు కొంచెం వంగి కూర్చుంటే రంగు మారిపోతుంది. పక్కన నిలబడ్డ కస్టమర్‌కు ఒక ఎరుపు, మీకు ఒక ఎరుపు. తీరా ఫ్లెక్సీ వచ్చాక "కంప్యూటర్ల గిట్ల లేకుండె గదా" అని గొడవ. ఐపీఎస్ ప్యానెల్ ఈ గొడవను సగం తగ్గిస్తుంది. మిగతా సగం తెర రంగుకూ ఇంకు రంగుకూ ఉన్న తేడా, దానికి మందు లేదు. మెరిసే నీలం, చిలకాకుపచ్చ ఇంకులో మబ్బుగానే వస్తాయని ముందే చెప్పేస్తే సరి.

ఇంతకీ పాతదాని మీద ఖర్చు ఎక్కడ ఆపాలి? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా గడువిచ్చింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్, దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు కానీ రోజువారీ సంపాదన నడిచే యంత్రం మీద ఆ ప్రయోగం వద్దు. నా లెక్క ఇది: ఎస్ఎస్‌డీ, ర్యామ్ కలిపిన ఖర్చు, ఎనిమిదో తరం సెకండ్ హ్యాండ్ ఆఫీస్ డెస్క్‌టాప్ ధరలో సగం దాటితే పాతదాన్ని వదిలేయండి. కోర్2డ్యుయో అయితే ఎస్ఎస్‌డీ ఒక్కటి వేసి బిల్లింగ్‌కు, జిరాక్స్‌కు వాడుకోండి, డిజైన్‌కు మాత్రం వద్దు. సెకండ్ హ్యాండ్‌లో సన్నటి చిన్న కేబినెట్లు అందంగా కనిపిస్తాయి. వాటిలో మామూలు గ్రాఫిక్స్ కార్డు పట్టదు, ఎస్ఎంపీఎస్ కూడా ఆ కంపెనీదే కావాలి. పొడుగు టవర్ దొరికితే అదే తీసుకోండి.

మెకానిక్ స్క్రూడ్రైవర్ తీసేలోపు ఒక్క పని చేయండి. తెలుగు డీటీపీకి వాడే అను ఫాంట్లు, వాటి ఇన్‌స్టాలర్, లైసెన్స్ వివరాలు, ఏళ్ల తరబడి చేసిన పాత ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. యూనికోడ్ కాని ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టి నడుస్తాయి. ఫాంటు పోతే పదేళ్ల పెళ్లిపత్రికలన్నీ అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా తెరుచుకుంటాయి.